ఏదుపంది ముల్లు, పెట్టె వెనక చిల్లు

కొండ కింది పశువుల కొట్టంలో వైఫై పెట్టె ఒక్కటే ఉండేది. కిటికీ గట్టు మీద పెట్టిన ఆ పెట్టే చుట్టుపక్కల జంతువులన్నింటికీ దిక్కు. కోళ్ళు వాన ఎప్పుడొస్తుందో చూసుకునేవి, మేకలు ఏ గుట్ట మీద పచ్చిక బాగుందో కనుక్కునేవి. కాటుక అనే గేదెకి మాత్రం ఆ రోజు దాంతో ప్రాణం మీదికొచ్చిన పని పడింది. పొద్దున్నుంచీ దూడ కడుపు ఉబ్బిపోయి పొర్లుతోంది. వైద్యం తెలిసిన గుర్రం తాత ఉండేదేమో పొంగే వాగుకి అవతల. ఫోనులో దూడని చూపిస్తే తప్ప మందు చెప్పలేడు.

కాటుక ఫోను తీసింది. 'పాస్‌వర్డ్ తప్పు' అని వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పే. మేకల ఫోన్లలోనూ అదే వరస.

"జంబన్నా, నువ్వే చూడాలయ్యా!" అని నక్కకి కబురు పెట్టింది.

నక్క జంబన్న ఇలాంటి పనుల్లో ఆరితేరినవాడని పేరు. ఆ పేరు పెట్టుకున్నది వాడే. వచ్చి, పెట్టెకి చెవి ఆనించి, పెద్దగా నిట్టూర్చాడు.

"లోపల మాడిపోయింది కాటుకక్కా. నా గుహకి పట్టుకెళ్ళి విప్పాలి. పది రోజులు పడుతుంది."

"పది రోజులా! నా బిడ్డ పూట గడిచేలా లేదయ్యా!"

"ఏం చేస్తామక్కా, నా ఫోనుకీ పొద్దున్నుంచీ నెట్ లేదుగా."

కాటుక సరే తీసుకుపో అనబోతుండగా గోడ అవతల నుంచి ఏదుపంది గొంతు వినిపించింది. ముళ్ళు గుచ్చుకుంటాయని దాన్ని ఎవరూ లోపలికి రానిచ్చేవారు కాదు.

"అన్నా, పెట్టె మాడిపోతే పాస్‌వర్డ్ తప్పని చెబుతున్నదెవరు?"

అందరూ జంబన్న వైపు తిరిగారు.

"పెట్టె బతికే ఉంది కాటుకమ్మా. ఎవరో పాస్‌వర్డ్ మార్చారు, అంతే. వెనక సన్నటి చిల్లుంటుంది. పది లెక్కపెట్టేదాకా లోపల నొక్కి పట్టుకుంటే అన్నీ మొదటికొస్తాయి. పాత పాస్‌వర్డ్ పెట్టె అడుగున కాగితం మీద ఉంటుంది."

జంబన్న పకపకా నవ్వాడు. "నొక్కు మరి! ఆ చిల్లులో మీలో ఎవరి గిట్ట పడుతుందో చూస్తా."

ఏదుపంది గడప దగ్గరికొచ్చి వీపు తిప్పింది. "ఒకటి లాక్కో అమ్మా."

"నొప్పి పుట్టదూ?"

"పుడితే పుట్టనీ. దూడ పొర్లుతోంది, చూస్తున్నావా?"

కాటుక పళ్ళతో ఒక ముల్లు పీకింది. ఏదుపంది కళ్ళు గట్టిగా మూసుకుంది గానీ మూలగలేదు. ముల్లు చిల్లులో దూర్చి కాటుక నొక్కి పట్టుకుంది. ఏదుపంది లెక్కపెట్టింది. పది అనగానే పెట్టె దీపాలన్నీ ఒక్కసారి ఆరాయి.

"అరెరె, ఆగిపోయిందే! సినిమా మంచి పట్టులో ఉంది!" అని అరిచాడు జంబన్న. అరిచాక నోరు మూసుకున్నాడు. తోక చాటున పెట్టుకుని చూస్తున్న ఫోను జారి కింద పడింది.

"నీకు పొద్దున్నుంచీ నెట్ లేదన్నావుగా జంబన్నా?" అంది ముసలి మేక తాపీగా.

దీపాలు మళ్ళీ వెలిగాయి. అడుగున ఉన్న పాస్‌వర్డ్ కొట్టగానే తెర మీద గుర్రం తాత కనిపించాడు. దూడని చూసి, ముందుకాళ్ళు ఎత్తైన చోట పెట్టి నిలబెట్టమన్నాడు, నూనె కొద్దికొద్దిగా పట్టించమన్నాడు. మధ్యాహ్నం తిరిగేసరికి దూడ లేచి తల్లి పొదుగు వెతుక్కుంది.

కాటుక ఏదుపంది ముందు తల వంచింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. "నిన్ను ఇన్నాళ్ళూ గడప అవతల నిలబెట్టాను తల్లీ. నా బిడ్డని నువ్వే ఇచ్చావు. నీ రుణం నేను తీర్చుకోలేను." ఏదుపంది సిగ్గుపడుతూ ముళ్ళు సర్దుకుంది.

కాటుక ఆ పూటే కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. అది కొట్టంలో అందరికీ చెప్పింది, ఒక్క జంబన్నకి తప్ప. వాడిప్పుడు సినిమాలో చివరికి ఏమైందో చెప్పమని కోళ్ళని బతిమాలుకుంటున్నాడు. కోళ్ళేమో వాడికి అందకుండా చెట్టెక్కి మరీ ఆ సినిమా చూస్తున్నాయి.

బాగుచేస్తానన్నవాడి చేతికి పెట్టె ఇచ్చే ముందు, ఏం పాడైందో చూపించమని అడగాలి.