కండువా కింద వేలంపాట

అనగనగా అంటే మరీ ఎప్పుడో కాదర్రా. ఏటికి వంతెన లేని రోజులు. రాజుగారు ఈ ఒడ్డున, సగం రాజ్యం ఆ ఒడ్డున. సంతకెళ్లాలన్నా, పురుటికి మంత్రసాని రావాలన్నా ఏరు దాటాల్సిందే.

అందుకని నలభై ఊళ్లూ కలిసి ఒక రేవు పెట్టుకున్నాయి. ఏటేటా ఇంటికో కుంచం ధాన్యం రేవు గాదెలో పోసేవోరు. ఆ ధాన్యంతోనే పడవలు కట్టించడం, కళాసీలకి కూలియ్యడం. ఆ రేవుకి పెద్ద గవరయ్య. చేతిలో వెండిపొన్ను కర్ర, నెత్తిన తలపాగా. మాట గట్టిదే గాని మనసు చెడ్డది కాదు. ఒక్కటే రోగం. తోడల్లుణ్ణి చూస్తే ఓర్వలేడు.

తోడల్లుడి పేరు అప్పలకొండ. ఉప్పు కొటార్లకి పెద్ద. నవ్వు మొహం మనిషి. మామగారింట్లో ఇద్దరూ పక్కపక్కన భోజనానికి కూర్చుంటే, "పప్పు అమృతంలా ఉందత్తా" అనేవాడు అప్పలకొండ. అత్తగారు మురిసిపోయి ఇంకో గరిటె నెయ్యి వేసేది. పెద్దల్లుడికీ వేసేది, లేదని కాదు. కానీ గవరయ్య తన విస్తరిలో నెయ్యి ఎప్పుడు చూసుకున్నాడు గనక? పక్క విస్తరిలోదే చూసేవాడు.

అలా ఉండగా ఉప్పు కొటార్లోళ్లు రెండంతస్తుల కచేరీ కట్టేరు. వరదొస్తే ఉప్పు కరిగిపోద్ది కదా, అందుకని పై అంతస్తు. గవరయ్య కూర్చునేది తాటాకుల పాక. ఒకరోజు అన్నం పెడతా పెళ్లాం అంది:

"మా చెల్లి ఆళ్ల కచేరీ మేడెక్కిందంట. ఏరంతా చీర పరిచినట్టు కనపడిందంట."

ఆవిడ మామూలుగానే అంది. గవరయ్య మాత్రం ముద్ద విస్తరిలో వదిలేసి లేచిపోయేడు. ఆ రాత్రి నిద్ర లేదు. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు.

ఆ ఏడు రేవు గాదెలో నూట ఇరవై పుట్ల ధాన్యం ఉంది. వానలు పడకముందే దాంతో రెండు కొత్త పడవలు కట్టాల. పాత పడవ నీళ్లు కారతంది. ఇద్దరు తెడ్డేస్తే ఇద్దరు కుండల్తో నీళ్లు తోడేవోరు. తోడడం ఆపితే మునిగేదే.

సరిగ్గా అప్పుడే ఒక ఏనుగు దంతాల వర్తకుడి మేడ వేలానికొచ్చింది. మూడంతస్తులు! ఆ మాట చెవిన పడగానే గవరయ్యకి పడవలు గుర్తులేవు. మూడు, రెండు. రెండు, మూడు. అదే లెక్క బుర్రలో.

ఆ దేశంలో వేలంపాట పైకి పాడరు. పాట పెద్ద తన చేతి మీద కండువా కప్పుకుని వరసలో తిరుగుతాడు. కూర్చున్న ప్రతివోడూ కండువా కింద చెయ్యి పెట్టాల. ఎన్ని పుట్లిస్తాడో వేళ్లు నొక్కి చెప్పాల. ఎవడెంతన్నాడో పాట పెద్దకి తప్ప ఇంకోడికి తెలీదు. మూడుసార్లు తిప్పి, చివర్లో నెగ్గినోడి పేరు చెప్తాడు.

గవరయ్య వెళ్లేసరికి ముందు వరసలో ఎవరున్నారు? అప్పలకొండ!

"రా అన్నయ్యా, ఇలా కూర్చో," అని జరిగి చోటిచ్చేడు.

"నువ్వూ వచ్చేవా తమ్ముడూ?"

"ఊరికే. చూద్దారని."

'ఊరికే వస్తావా నువ్వు,' అనుకున్నాడు గవరయ్య. కండువా వచ్చింది. యాభై పుట్లకి నొక్కేడు.

"ఒకటోసారీ!" టముకు మోగింది.

మళ్లీ కండువా. అప్పలకొండ చెయ్యి లోపలికెళ్లింది. నవ్వుతా తీసేడు. గవరయ్య ఆగుతాడా? ఎనభైకి నొక్కేడు.

"రెండోసారీ!"

మూడోసారి తిప్పినప్పుడు అప్పలకొండ పాట పెద్దతో ఏదో హాస్యమాడి మరీ చెయ్యి పెట్టేడు. ఇంకేముంది! గవరయ్య అయిదు వేళ్లూ పట్టి పిసికేసేడు. నూట ఇరవై. గాదె అడుగు దాకా.

"మూడోసారీ! మేడ రేవు పెద్దది!"

గవరయ్య మేడ చూడలేదు. తోడల్లుడి మొహం చూసేడు. అది ఇంకా నవ్వుతానే ఉంది. నెగ్గినా సుఖం లేకపోయింది.

అయితే ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. ఊళ్ల సొమ్ముతో ఏం కొన్నా, నలభై ఊళ్ల పెద్దలూ రాజుగారి ఎదట సభ పెడతారు. కొన్నవోడు నిలబడి మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాల. సభ ఒప్పితే ముద్ర. ఒప్పకపోతే కొనుగోలు చెల్లదు, చేతిలో కర్ర కూడా సభ ముందు పెట్టేయాల.

ప్రశ్నలడగడానికి లేచింది నూకరత్నం. అవతలొడ్డున తుంగచాపలు అల్లుకునే ఊరికి పెద్ద. మోచేతుల దాకా తుంగ గీరిన చారలు.

"గవరయ్య బాబూ, రేవు ఏటి ఒడ్డునుంది. మేడ ఏటికెంత దూరం?"

"అర... అరకోసు ఉంటదమ్మా."

"అయితే పడవని అక్కడికి మోసుకొస్తారా, ఏరునే పిలుస్తారా?"

సభంతా గొల్లుమంది. గవరయ్య తలపాగా సర్దుకున్నాడు.

"రెండోది. ఆ మేడ లోపలికెళ్లి చూసేవా?"

"బయట్నించి చూసేను. మూడంతస్తులు."

"మా ఊళ్లో మేకపిల్లని కొన్నా నోరు తెరిచి పళ్లు చూస్తాం బాబూ."

ఈసారి రాజుగారే మీసం కింద నవ్వుకున్నారు. నూకరత్నం మాత్రం నవ్వలేదు.

"ఇదే ఆఖరుది. నూట ఇరవై పుట్లు పెట్టేవు. అంతదాకా నిన్ను లాగినోడెవరు? నీ మీద పాడిందెవరు?"

గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇంత విలువైన మేడ కాబట్టే ఇంకోడూ పోటీ పడ్డాడని చూపిస్తే సభ ఒప్పుద్ది. చెయ్యి చాచి, "ఇదిగో, మా తోడల్లుడు!" అన్నాడు.

అందరూ అప్పలకొండ వైపు తిరిగేరు. అతని మొహం తెల్లబోయింది. లేచి గవరయ్య దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు:

"అన్నయ్యా, నేను పాడలేదు. వద్దనుకున్నోడు కండువా కింద పిడికిలి ముయ్యాలి కదా. మూడుసార్లూ పిడికిలే మూసేను. ఆ రోజు వచ్చినోళ్లందరూ పిడికిలేనని తర్వాత పాట పెద్దే చెప్పేడు. ఆ మేడకి చెదలంట, ఎవరికీ వద్దు."

గవరయ్య చాచిన చెయ్యి దించేసేడు.

"భయపడకు," అన్నాడు అప్పలకొండ. "పాడేనని చెప్పేస్తాను. నీ పరువు పోతే వదిన మొహం ఎలా చూస్తాను?"

ఒక్క మాటతో గండం గట్టెక్కుద్ది. కర్ర నిలుస్తాది. తలపాగా నిలుస్తాది. గవరయ్య తల ఊపితే చాలు.

కానీ లోపల ఏదో రాజుకుంది. 'అత్తగారి ముద్దు వీడికే. రెండంతస్తులు వీడికే. ఆఖరికి మంచితనం కూడా వీడికేనా? జన్మంతా వీడు పెట్టిన పరువు కట్టుకు తిరగాలా? ఛీ!' వెండిపొన్ను కర్ర తీసుకెళ్లి రాజుగారి పాదాల ముందు పెట్టేసేడు.

"నా తోడల్లుడు పాడలేదు మహారాజా! ఎవరూ పాడలేదు. యాభైకి అడిగింది నేను, ఎనభై అన్నది నేను, నూట ఇరవై అన్నదీ నేనే. నా మీద నేనే పాడుకున్నాను!"

ఆ నిజం అసూయతోనే చెప్పేడో, సిగ్గుతోనే చెప్పేడో ఆయనకే తెలీదు. నిజం నిజమే కదా.

నూకరత్నం రాజుగారికేసి తిరిగింది. "అయ్యా, పోయిన నెల మా ఊరికి పురుటికి బయల్దేరిన మంత్రసాని ఏటి మధ్యలో పడవలో నీళ్లు తోడతానే ఉండిపోయింది. ఆవిడ వచ్చేసరికి బిడ్డ దక్కలేదు. మాకు మేడ మీద కోపం లేదు. మా పడవలు మాకియ్యండి."

గవరయ్య తలెత్తలేకపోయేడు. ఆ బిడ్డ మాట ఆయన ఇప్పుడే వింటున్నాడు.

రాజుగారు పాట పత్రం చింపేసేరు. ధాన్యం గాదెలోనే ఉంది. కర్ర మాత్రం నూకరత్నం చేతికెళ్లింది. "పడవలు కట్టించు తల్లీ," అన్నారు.

గవరయ్య సభలోంచి ఒంటరిగా నడిచేడు. వెనకాల అడుగుల చప్పుడు. అప్పలకొండ! వచ్చి పక్కన నడుస్తన్నాడు.

"నవ్వుకోరా, నవ్వుకో," అన్నాడు గవరయ్య.

"నవ్వు మొహం పుట్టుకతో వచ్చిందన్నయ్యా. ఏం చెయ్యమంటావు, కోసుకోనా?"

గవరయ్యకి నవ్వొచ్చింది. ముప్పయ్యేళ్లలో మొదటిసారి తోడల్లుడి మాటకి నవ్వేడు. అసూయ ఒక్కరోజులో పోయిందని చెప్పను, పోదు. కానీ ఇద్దరూ బతికుండగానే, ఓర్వలేని మనిషి పక్కనే నవ్వుతా నడిచేడు. ఆ అదృష్టం ఎందరికి దొరుకుద్ది?

అందుకేనర్రా పెద్దోళ్లు చెప్పేది: ఓర్వలేనోడికి పోటీ ఇంకోడెవడూ ఉండడు, తన మీద తనే పాడుకుని ఊరందరి గింజా పణంగా పెడతాడు.