ఎవరూ నవ్వని చాప

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దెక్కినా మంచు దుప్పటి తీయని ఊళ్ళో, ఒక చాపల పాక ఉండేదట. ఊ కొడుతున్నావా అమ్మడూ? నువ్వు ఊ కొట్టకపోతే కథ దారి తప్పిపోతుంది.

ఆ ఊరి పక్కన పెద్ద మడుగు. మడుగు నిండా తుంగ. గాలొస్తే తుంగంతా ఒకేసారి అటు వాలి, ఒకేసారి ఇటు లేచేది, మడుగు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ తుంగ కోసి, ఎండబెట్టి, మళ్ళీ తడిపి, పాకలో కూర్చుని చాపలు నేసేవారు.

ఒక్కో చాపకి ఇద్దరు కావాలి. ఒకామె పుల్లతో తుంగపోచని దారాల మధ్యకి పంపి "వేశా" అంటుంది. అప్పుడు రెండో ఆమె "కొట్టా" అంటూ బరువైన పలకతో దాన్ని దగ్గరికి కొడుతుంది. "వేశా" అన్న మాట వినకుండా పలక కదపకూడదు. కదిపితే వేళ్ళు నలిగిపోవూ మరి! పాకలో పొద్దస్తమానం అదే పాట. వేశా, కొట్టా. వేశా, కొట్టా.

ఆ పాకలోకి నూకాలు అనే పిల్ల పనికొచ్చింది. వాళ్ళమ్మ అక్కడే నేసేది, జబ్బు చేసి పోయింది. అమ్మ కూర్చున్న పాకలో తనూ కూర్చుని నేయాలి, అదే నూకాలు కోరిక. దాని వేళ్ళు చేపపిల్లల్లా కదిలేవి. మాట మాత్రం గొంతులో నత్తలా పాకేది.

"వ... వ... వ..." అనేది నూకాలు.

"ఏటే, పోచ ఏసినావా, పిట్టల్ని పిలుస్తున్నావా?" అనేది పలక పట్టుకున్న అప్పలకొండ. పాకంతా గొల్లుమనేది. అప్పుడు నూకాలుకి వచ్చే మాట కూడా రాకుండా పోయేది.

పాకకి పెద్ద పైడమ్మ. ఆవిడ అంది: "మూడు చాపలు చూస్తానే గుంటా. కుదరకపోతే పాకలో నీకు చోటు లేదు. మడుగులో తుంగ కోయడానికి పోవాలి."

మొదటి చాప వంకర పోయింది. రెండో చాప దగ్గర అప్పలకొండ మాట వినకుండానే పలక కొట్టేసింది, నూకాలు వేలు నలిగింది. మూడో చాప మొదలెట్టగానే ఎవరో కిసుక్కుమన్నారు. నూకాలు పుల్ల పడేసి పాక మూలకి పరుగెత్తింది.

ఆ మూల, తడి తుంగ మోపుల వెనక, సగం నేసిన చాప ఒకటి ఉంది. నూకాలు వాళ్ళమ్మ వదిలేసి వెళ్ళిన చాప. దాన్ని విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. నూకాలు దాని మీద కూర్చుంది. అక్కడ నవ్వులు నీళ్ళ అడుగున విన్నట్టు దూరంగా వినబడ్డాయి. తుంగ వాసన అమ్మ కొంగులా చుట్టుకుంది. "వేశా" అంది మెల్లగా. మాట వచ్చేసింది!

అది పైడమ్మ విన్నది. పాక మధ్యకి వచ్చి నిలబడింది. ఆ తర్వాత అందరికీ చెప్పింది: "నూకాలు మూడో చాప సంగతి తర్వాత చూస్తాను. ఈ చాప మీద కూర్చున్నోళ్ళని చూసి ఎవరూ నవ్వకూడదు. ఎందుకొచ్చినావని అడక్కూడదు."

"పనికాడ ఈ ముద్దులేటమ్మా? నన్నెవరు ఇలా బుజ్జగించారు?" అంది అప్పలకొండ.

"నిన్ను బుజ్జగించలేదు కాబట్టే కాబోలు, ఇలా తయారయ్యావు" అంది పైడమ్మ.

ఆ తర్వాత ఇంట్లో గొడవపడి వచ్చినామె ఒకరోజు ఆ చాప మీద కూర్చుని ఏడ్చి, ముఖం కడుక్కుని పనికి లేచింది. చంటిబిడ్డతో రాత్రంతా నిద్ర లేని ఆమె ఇంకోరోజు అక్కడ కునుకు తీసింది. మూడోరోజు, ఆ చాప వదలని నూకాలు పక్కకి ఎవరొచ్చారో చెప్పుకో? అప్పలకొండ!

నూకాలు అడగలేదు. అడక్కూడదు కదా. అప్పలకొండే చెప్పింది: "నా కళ్ళకి పొర కమ్మిందే. పోచ కనబడదు. నీ మాట వింటేనే పలక కొట్టగలను. మాట ఆలస్యమైతే నాకు బయమేస్తాది. ఆ కంగారులోనే నీ వేలు నలిపేసినాను. బయం ఎవరికీ తెలియకూడదని నవ్వుతాను."

నూకాలు నవ్వలేదు. అప్పలకొండ చెయ్యి పట్టుకుని, దారాల మధ్య పోచ ఎక్కడుందో తడిమి చూపించింది.

అంతలో ఊరి బడి నుంచి కబురొచ్చింది. పిల్లలందరూ వరసగా కూర్చునే పొడుగు చాప కావాలట, తొందరగా. పైడమ్మ పిలిచింది: "రావే నూకాలూ, అందరి చేతులూ కావాలి."

"నే... నేను ఈ చాప దిగను" అంది నూకాలు.

అప్పుడు అప్పలకొండ అంది: "దిగొద్దులే. దీన్నే పొడుగు చేద్దాం."

పాత దారాలకి కొత్త దారాలు ముడేశారు. నేసేవాళ్ళు నేసిన చోటే కూర్చుని ముందుకి జరుగుతారు కదా, అలా వంతులవారీగా అందరూ ఆ చాప మీదికే వచ్చారు. నూకాలు "వ... వ..." అంటే పలక ఆగింది. పాక ఆగింది. బయట తుంగ కూడా ఆగిందేమో అనిపించింది. "వేశా!" "కొట్టా!" చాప మూల నుంచి గుమ్మం దాకా పాకింది. ఇప్పుడు నవ్వకూడని చోటు ఏదని అడిగితే, పాకంతా అదే.

చాప బడికి చేరింది. దాని మీద కూర్చునే పద్ధతి పిల్లలకి నూకాలే చెప్పాలంది పైడమ్మ. నూకాలు నోరు తెరిచింది. మాట ఎంతకీ రాలేదు. ఒక పిల్లాడు నవ్వొచ్చి పెదవి బిగబట్టాడు. పక్కపిల్ల వాడి చెయ్యి పట్టుకుంది. పిల్లలంతా కాచుకున్నారు.

"ఎ... ఎవరి మాటైనా... వచ్చేదాకా ఆగాలి" అంది నూకాలు. అంతే. పాకకి తిరిగొచ్చి అమ్మ చోట కూర్చుంది. అప్పలకొండ పలక అందుకుంది.

అమ్మడూ, ఊ అనవేం? రేపు బడిలో నిన్ను పాఠం చదవమంటారని కదూ, ఇందాక దుప్పట్లో ముఖం దాచుకున్నావు? తొందరేం లేదు తల్లీ. నీ ఊ వచ్చేదాకా నేను ఆగుతాను.

ఆఁ. వచ్చింది.

తుంగపోచ చాపకి,
చాపేమో పాపకి,
కథేమో కంచికి,
కునుకేమో ఇంటికి.