వార్డుకి ఒకే సలహా

గెడ్డపాలెం పురపాలక సంఘంలో అప్పలసూరి అనే సూపరింటెండెంటు ఉండేవాడు. మనసు వెన్న, ఒళ్ళు దాచుకోని మనిషి, కానీ ఏ కొత్త కాగితమైనా పాతది చూసి దించెయ్యడమే ఆయనకున్న జబ్బు.

ఒకసారి కౌన్సిల్లో తీర్మానమైంది. పది, ఇంటరు పాసైన పిల్లలకి ఏం చదవాలో, ఏ పనిలో చేరాలో చెప్పడానికి టెండరు పిలిచి ఒక కెరీర్ గైడెన్స్ కంపెనీని పెట్టాలన్నారు. షరతులు రాసే పని అప్పలసూరి మీద పడింది.

"ముందు పిల్లల్ని నాలుగు మాటలు అడుగు, సూరీ," అంది ఛైర్‌పర్సన్ ఈశ్వరమ్మ.

"అడగడానికేముందమ్మా, టెండరంటే టెండరే," అన్నాడాయన.

బీరువాలోంచి వీధి దీపాల టెండరు తీశాడు. 'దీపాలు' అన్న చోటల్లా 'సలహాలు' అని మార్చాడు. మధ్యాహ్నానికల్లా పని ముగించి హాయిగా టీ తాగాడు. అందులో ఆరో షరతు ఇలా ఉంది: 'ఒక వార్డులో అమర్చే సలహాలన్నీ ఒకే రకానివై ఉండవలెను.'

టెండరు దక్కిన కంపెనీవాళ్ళు మహా బుద్ధిమంతులు. రాసింది రాసినట్టే చేశారు. నాలుగో వార్డు పిల్లలందరికీ నర్సింగు. ఐదో వార్డుకి ఏసీ మెకానిక్కు. తొమ్మిదో వార్డుకి హోటల్ మేనేజ్‌మెంటు. కాగితాలు కట్టలు కట్టలుగా వస్తే అప్పలసూరి చదవకుండానే సంతకాలు పెట్టి పంపించాడు.

ఆయన ఇల్లు తొమ్మిదో వార్డులోనే. కూతురు హైమ ఆ ఏడే పది పాసైంది. వీధిలో ఏ మేకకి కడుపు ఉబ్బినా కబురు హైమకే వచ్చేది. పశువైద్యం డిప్లొమా చదవాలని ఆ పిల్ల ఆశ.

ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి హైమ గుమ్మంలో కూర్చుని గంపెడు ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏటమ్మా, మనింట్లో పెళ్ళా?"

"ప్రాక్టీసు నాన్నా. హోటల్ కోర్సుకి అప్లికేషన్ పెట్టేశాను."

"మరి పశువైద్యం?"

"రేపు సాయంత్రంతో ఆఖరు. ఇంక పెట్టను. నాకు హోటలే నప్పుతుందని మున్సిపాలిటీ కాగితంలో రాశారు కదా."

"రాస్తే? నమ్మెయ్యడమే?"

"కింద నీ సంతకం ఉంది నాన్నా. నువ్వు ఊరికే పెడతావా?"

హైమ కళ్ళు తుడుచుకుంది. అది ఉల్లిపాయల వల్లో కాదో ఆయనకి తెలీలేదు. కాగితం తీసుకుని మొదటిసారి చదివాడు. తను రాసిన ఆరో షరతు గుర్తొచ్చింది.

"తప్పు నాదేనమ్మా. వీధి దీపాల షరతులు దించేశాను."

"దీపాలవా!" అని హైమ కత్తిపీట వదిలేసింది.

"రేపు పొద్దున్నే నీ అప్లికేషన్ నేనే పట్టుకెళ్తాను. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు."

"మరి మిగతావాళ్ళు? వాళ్ళకెవరు చెప్తారు?"

అప్పలసూరి రాత్రంతా అదే ఆలోచించాడు. చెప్తే ఊరంతా నవ్వుతుంది. పైనుంచి మెమో వస్తుంది.

తెల్లారగానే వెళ్ళి చెత్త బండి ఎక్కాడు. డ్రైవరు గురువులు తెల్లబోయాడు.

"తమరు ఇందులో ఏటి బాబూ!"

"మైకు ఇలా ఇవ్వు."

రోజూ వినిపించే తడి చెత్త, పొడి చెత్త పాట ఆగింది. వీధి వీధినా అప్పలసూరి గొంతు మోగింది. "పిల్లలూ, మీకొచ్చిన సలహా కాగితాలు నమ్మకండి. మిమ్మల్ని అడక్కుండా రాసినవవి. తప్పు కంపెనీది కాదు, నాది. ఆఖరు తేదీ దగ్గర పడ్డవాళ్ళు తిన్నగా ఆఫీసుకి రండి."

"నాకు ఏసీ మెకానిక్కు రాశారేంటి సార్, మా ఇంట్లో ఫ్యానే లేదు!" అని ఒక పిల్ల అరుగుమీంచి అరిచింది. వీధంతా నవ్వింది. చెవులు ఎర్రబడ్డా ఆయనా నవ్వేశాడు.

సాయంత్రానికి హైమ అప్లికేషన్ వెళ్ళింది, మరో ముప్ఫై మందివీ వెళ్ళాయి. ఇద్దరికి మాత్రం గడువు ముందురోజే దాటిపోయింది. వాళ్ళ ఇళ్ళకి అప్పలసూరి తనే వెళ్ళి, చేతులు జోడించి, వచ్చే ఏడు దగ్గరుండి చేర్పిస్తానని మాటిచ్చాడు. మెమో రానే వచ్చింది. ఆ టెండరు రద్దయింది.

కొత్త షరతులకి ఆయన ఆఫీసు వరండాలో తెల్లకాగితాలు పెట్టుకు కూర్చున్నాడు. వచ్చిన ప్రతి పిల్లనీ, పిల్లాణ్ణీ "నీకేం ఇష్టం, చెప్పు" అని అడిగి రాసుకున్నాడు. పది రోజులు పట్టింది.

నీతి: ఒకరి బతుకు గురించి రాసేటప్పుడు ఇంకో కాగితం చూసి దించకూడదు, ముందు వాళ్ళనే అడగాలి.