లోతమ్మ ఒడి

ఒకప్పుడు నేలంతా ఒకటే ముక్క. ఎక్కడా చీలిక లేదు, లోయ లేదు. నల్లరాయిని ఎవరూ చూసి కూడా ఎరగరు. ఆ నేలలో తూర్పు సగం పేరు తూర్పుగడ్డ, పడమటి సగం పేరు పడమటిగడ్డ. ఇద్దరూ కవలలు. నడుము దగ్గర అతుక్కుని పుట్టారు.

వాళ్ల అమ్మ లోతమ్మ అట్టడుగున ఉండేది. పెసరగింజ రంగు మనిషి. ఒళ్లంతా వేడి. అంత వేడికి ఎప్పుడో కరిగిపోవాల్సిందే. కానీ నెత్తిమీద నేల బరువంతా ఉంది కదా, ఆ బరువే ఆమెను కరగనివ్వకుండా పట్టి ఉంచింది. కూతుళ్లు ఆమెను ఎన్నడూ చూడలేదు. చలికాలంలో అరికాళ్లకు తగిలే వెచ్చదనమే వాళ్లకు తెలిసిన అమ్మ.

ఒకనాడు కవలలకు మాటామాటా పెరిగింది. తూర్పుగడ్డ సూర్యుడు లేచే చోటు చూస్తానంది. పడమటిగడ్డ సూర్యుడు పడుకునే చోటు చూడాలంది. పంతం పట్టి చెరో పక్కకీ లాగారు. ఎంత వేగంగా లాగారనుకున్నారు? మన గోళ్లు పెరిగేంత వేగంగా. గడ్డలకు అదే పరుగు.

లాగగా లాగగా నడుము సాగింది, పలచబడింది, చివరికి పర్రున చిరిగింది. మధ్యలో లోయ దిగబడింది. దూరంగా ఉన్న సముద్రం అది చూసి, ఇంకొంచెం చిరిగితే ఆ సందులోకి వచ్చేద్దామని కాచుక్కూచుంది. అది వచ్చిందా, ఇక అక్కచెల్లెళ్లు ఒకరికొకరు కనబడరు. అప్పుడు వేసింది ఇద్దరికీ భయం. లాగడం మానేశారు గానీ చిరుగు మాత్రం ఆగలేదు.

అడుగున లోతమ్మకు నెత్తిమీద బరువు తగ్గినట్టనిపించింది. ఇంకెవరైనా అయితే హాయిగా ఉందనుకునేవారు. ఆమెకు మాత్రం పిల్లలకేదో అయిందని అర్థమైంది. వెంటనే లేచింది.

కానీ కూతుళ్ల దగ్గరికి వట్టిచేతులతో ఎలా వెళ్తుంది? కూతురి ఒడి నింపాలి. అంత లోతులోనూ అదే ఆచారం. తన ఒంట్లోంచే పచ్చని గింజలు రాల్చి, ఇద్దరికీ సమంగా వచ్చేట్టు చూసుకుని కొంగులో పోసుకుంది. తొందరలో కొంగు ముడి వేయడం మరిచిపోయింది.

దారిలో ముసలి గులాబిరాయి అడ్డొచ్చాడు. నేల కింద గోడలా నిలబడ్డది ఆయనే. లోతమ్మకు వరసకు మామ. కోడలి ముఖం చూడగానే సంగతి గ్రహించాడు.

"అమ్మాయ్, పైకి పోయేకొద్దీ నీమీద బరువు తగ్గుతుంది, కరిగిపోతావు. పైన చల్లగాలి తగిలితే గడ్డకట్టుకుపోతావు. మళ్లీ ఇటు రాలేవు," అన్నాడు.

"ఇన్నాళ్లూ నేను గట్టిగా ఉన్నది వాళ్లు నా నెత్తిమీద ఉన్నారనే కదా మావయ్యా," అంది లోతమ్మ. "వాళ్లే చిరిగిపోతుంటే ఇంక నా గట్టిదనం ఎవరికోసం?"

ముసలాయన మనవరాళ్లకు తన గుర్తుగా ఇమ్మని తన ఒంట్లోంచి నాలుగు గులాబి పలుకులు తీసి ఆమె కొంగులో వేశాడు. పక్కకు ఒదిగి దారి ఇచ్చాడు.

ఆయన చెప్పినట్టే అయింది. పైకి వచ్చేకొద్దీ లోతమ్మ కరిగింది. కాళ్లు కరిగాయి, కొంగు కరిగింది. ముడి లేని కొంగులోంచి గింజలూ పలుకులూ జారి ఆమె ఒంట్లోనే కలిసిపోయాయి. ఆయాసపడుతూ, బుడగలు బుడగలుగా ఊపిరి వదులుతూ, ఎర్రగా మెరుస్తూ లోయలోకి వచ్చి పడింది.

ఆమె ఎవరో కవలలకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అరికాళ్లకు తెలిసిన వెచ్చదనమే ఇప్పుడు నడుముకు తగిలింది.

లోతమ్మ ఒక చేయి అటు, ఒక చేయి ఇటు చాపి ఇద్దరినీ పట్టుకుంది. చిరుగంతా తానే నిండింది. చల్లగాలి వీచింది. ఆమె నల్లబడింది, గట్టిపడింది. చిరుగు ఆగింది. సముద్రం కాసేపు చూసి, ఇక లాభం లేదనుకుని వెనక్కి మళ్లింది.

"ఒడి పట్టండమ్మా," అంది లోతమ్మ ఆఖరుగా.

ఇద్దరూ పట్టారు. కానీ అప్పటికే ఆమె చేతులు రాయైపోయాయి. ఒక్క గింజ కూడా రాలలేదు.

కూతుళ్లిద్దరూ బావురుమన్నారు. వాళ్లను చూసి మబ్బులూ ఏడ్చాయి. వాన తరవాత ఎండ, ఎండ తరవాత వాన, అలా ఎన్ని వేల ఏళ్లో. ఆ తడికీ ఆ ఎండకీ రాయి పైపైన మెత్తబడి నల్లరేగడి మట్టి అయింది. ఒక తొలకరికి ఆ మట్టినిండా పచ్చగా మొలకలు లేచాయి. తూర్పువైపు ఎంతో, పడమటివైపూ అంతే. లోతమ్మ లెక్క తప్పలేదు.

అప్పటినుంచే నేల చిరిగిన చోట అడుగునుంచి రాయి కరిగి పైకి వస్తుంది, గాలి తగిలి నల్లబడుతుంది. అలాంటి రాయి పగిలిన చోట చూడండి. చిన్న చిన్న తొర్రలు ఉంటే అవి లోతమ్మ ఆయాసం. గులాబి పలుకు ఉంటే అది తాత గుర్తు. పచ్చని గింజలు కనబడితే మాత్రం గోటితో గీకి తీయబోకండి. అది కూతుళ్ల కోసం తెచ్చిన ఒడి. ఆ తల్లి పంచడం ఇంకా పూర్తికాలేదు.