సన్నాకు గంజాయి

విరూపయ్యకు జపం కుదరడం లేదు. కళ్ళు మూస్తే చాలు, ఒకప్పుడు తాను తాగిన గంజాయి ఎదుటికి వచ్చి నిలబడుతోంది. లేచి కొండ మీది గుహ ముందు అటూ ఇటూ తిరుగుతాడు. కూర్చుంటాడు. మళ్ళీ లేస్తాడు.

"వదిలేసి ఏడాదైంది స్వామీ. అదే నన్ను వదలడం లేదు," అన్నాడు గురువు నిర్వాణప్పతో.

ముసలాయన పొయ్యి ఊదుకుంటున్నారు.

ఆ పొద్దున దస్తగిరి అనే లారీ డ్రైవరు కొండెక్కి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గంజాయి మానుకోవాల సామీ. మొన్న ఒక పసిబిడ్డ నా చక్రాల కింద పడబోయి తప్పింది. దోవ చెప్పండి."

గురువు నోరు తెరిచేలోగా విరూపయ్య అందుకున్నాడు.

"దాని సంగతి నన్నడుగు. అందులోనూ సన్నాకు రకం ఉంది చూడు, మాయలాడి! మనిషెత్తు దాటి సాగుతుంది. లేతాకుపచ్చ పూత, దాని నిండా కుంకుమపువ్వు రంగు నూగు. ఎండ తగిలితే చక్కెర చల్లినట్టు మెరుస్తుంది. నలిపితే ముందు నిమ్మతొక్క వాసన, ఆ వెనక అప్పుడే చీల్చిన దేవదారు చెక్క, చివర్లో మిరియం ఘాటు. పొగ నాలుక మీద తియ్యగా దిగి, గొంతులో మామిడి జీడిలా వగరుగా..."

చెబుతూ చెబుతూ వేళ్ళు రుద్దుకుంటున్నాడు. ఉలిక్కిపడి, "అంతా విషం! దాని జోలికి పోకు," అని ముగించాడు.

దస్తగిరి గుటక మింగాడు. "ఆ రకం యాడ దొరుకుతాది సామీ?"

విరూపయ్య రుద్దుకుంటున్న వేళ్ళను వెనక దాచుకున్నాడు. డ్రైవరు చెప్పులు తొడుక్కుని, వచ్చినప్పటికంటే వేగంగా దిగిపోయాడు.

విరూపయ్య వెంటపడబోయాడు. గురువు చెయ్యి పట్టి ఆపి, ముంతలో అంబలి పోసి ఇచ్చారు.

"ముందు తాగు."

ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఇందులో ఏమేం వేశాను?"

విరూపయ్య ఖాళీ ముంతలోకి చూశాడు. ఏడాదిగా ఇదే చెయ్యి, ఇదే కుండ. ఒక్కటీ చెప్పలేకపోయాడు.

గురువు ముంత మళ్ళీ నింపారు.

"ఇది అతనికి ఇవ్వు. దీని రుచి చెప్పి పిలుచుకురా."

విరూపయ్య ముంత ఎత్తి ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూశాడు; ఈసారి ఎదుటికి వచ్చింది గంజాయి కాదు, అంబలి పులుపు. కింద మలుపులో దస్తగిరి తలపాగా ఇంకా కనిపిస్తోంది.