కడరేవు తెప్పరాయి

పూర్వం తూర్పు కనుమల నడుమ శైలవరమనే చిన్న రాజ్యాన్ని రణధీరభూపతి ఏలుతున్న కాలంలో, ఆ రాజ్యపు పొలిమేర లోయలో, నాలుగు దిక్కులా కొండలు కోటగోడల్లా నిలిచినచోట, నీలమ్మ కొలను అనే అగాధమైన సరస్సు ఉండేది. సరస్సు నడిమి లంకలో నీలమ్మ తల్లి శిలారూపంలో వెలసి ఉండేది. దర్శనానికి వచ్చినవారికి కొండచరియల్లోని వీరుల స్మారకశిలలైన వీరగల్లులనూ, జలధారలనూ, తామరమడుగులనూ చూపించి, తెప్ప మీద లంకకు చేర్చి, పొద్దు వాలకముందే గట్టుకు తీసుకురావడం పోలినాయుడనే జాలరి వృత్తి. అతనికి ముందు అతని తండ్రీ, తాతా చేసిన పని కూడా అదే.

జ్యేష్ఠ అమావాస్యనాడు తల్లి ఆ నీట జలకమాడుతుందని, ఆనాడు కొలనులో తెప్ప వేయకూడదని తరతరాల కట్టడి. సరిగ్గా ఆనాడే, వేట ముగించుకొని వస్తున్న భూపతి, రాణి వసుంధరాదేవితో, కొద్దిమంది పరివారంతో కొలను చూడవచ్చాడు. ఎదురుచెప్పినవాడి వీపు చీల్చించే ప్రభువని అతనికి పేరు. పోలినాయుడు ఉదయమంతా వారికి కొండలు చూపిస్తూ, ఆ మాట ఇప్పుడు చెబుదాం, ఇంకాస్త ఆగి చెబుదాం అనుకుంటూ, నోరు పెగలక తిరిగాడు. మధ్యాహ్నమయ్యేసరికి భూపతి తానే ముందుగా తెప్ప ఎక్కి కూర్చున్నాడు. కనబడని తల్లి కంటే కనబడుతున్న రాజుకే ఎక్కువ భయపడి, పోలినాయుడు అందరినీ ఎక్కించి గడకర్ర అందుకున్నాడు.

తెప్ప సగందూరం సాగిందో లేదో, అంతవరకూ రెక్కలు టపటపలాడిస్తున్న నీటికోళ్లన్నీ ఒక్కుమ్మడిగా లేచిపోయాయి. గాలి నిలిచిపోయింది. నీరు కాటుకలా నల్లబడి, దాని మీంచి పొగమంచు లేచి, కొండలనూ గట్టునూ ఆకాశాన్నీ కప్పేసింది. నడిమధ్యాహ్నం కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి కమ్ముకుంది. పోలినాయుడు గడ లోపలికి దించగా, అడుగున ఎవరో దాన్ని పట్టుకున్నారు. లాగితే రాలేదు. అంతలో తెప్ప కిందినుంచి మెల్లగా ఒక స్త్రీ కంఠం వినిపించింది.

"ఒకరిని దించి పోండి. మిగిలినవారికి దారి ఇస్తాను."

రాణి మొహం కప్పుకుంది. భటులు ఒకరినొకరు కావలించుకున్నారు. భూపతి, రాణిని పెంచిన ముసలిదాది అచ్చియమ్మను చూపించి, "దీన్ని తోసెయ్యరా" అన్నాడు. అచ్చియమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. తెప్ప దుంగను రెండు చేతులా పట్టుకొని పోలినాయుడి మొహంలోకి చూసింది.

ఆ చూపు ముందు అతను నిలవలేకపోయాడు. భయం పోయి కాదు, ఉండగానే, నీటివైపు వంగి అన్నాడు. "తల్లీ, ఈయాల తెప్ప ఎయ్యకూడదని నాకు తెలుసు. బాబుగారికి భయపడి సెప్పలేదు. తప్పు నాది. ఈళ్లందర్నీ ఎక్కించినోడ్ని నాను. అందరూ దిగిందాకా నాను దిగను. ఒక్కర్నీ ఇడిసిపెట్టను."

ఆ మాటతో గడ వదులయింది. తెప్ప తనంతట తానే కదిలి, మంచులో గట్టుకు తగిలింది. భూపతి అందరికంటే ముందు దూకి, వెనక్కి చూడకుండా గుర్రమెక్కాడు. రాణి దిగింది, పరివారం దిగింది, చివరికి అచ్చియమ్మ దిగింది. పోలినాయుడు ఒక కాలు ఎత్తబోగా కంఠం మళ్లీ వినవచ్చింది.

"అందరూ దిగేదాకా అన్నావు. ఇక ముందు ఎక్కబోయేవారి మాటేమిటి? నువ్వు కావలి ఉంటే నేనింకెవరినీ అడగను. పోతానంటే పో, ఆపను."

గట్టు జానెడు దూరంలో ఉంది. ఇంటి దగ్గర భార్య పోలమ్మ అంబలి కాచి ఎదురుచూస్తూ ఉంటుందని అతనికి గుర్తొచ్చింది. "భయమేస్తంది తల్లీ" అన్నాడు చిన్నపిల్లవాడిలా. కాసేపటికి ఎత్తిన కాలు వెనక్కి పెట్టి, "ఉంటాను" అన్నాడు.

అచ్చియమ్మ చెయ్యి చాచింది. దాన్ని అందుకున్న అతని చెయ్యి ఆమె పట్టులోనే చల్లబడి, గరుకెక్కి, రాయి అయింది. మంచు విడిపోయేసరికి తెప్పా మనిషీ ఒకే శిలగా నిలిచారు. ఆమె మళ్లీ కోటకు వెళ్లలేదు. పోలమ్మకు తోడుగా ఆ గట్టునే గుడిసె వేసుకొని, ప్రతి సాయంత్రమూ నీటి ఒడ్డుకు వచ్చి అతన్ని పిలుస్తూ, అక్కడే కన్నుమూసింది.

ఆ చోటును నేటికీ కడరేవంటారు. గడకర్ర పట్టి నిలిచిన మనిషిలాంటి ఆ తెప్పరాయి ఎంత వాన పడినా మునగదు. అటుపిమ్మట ఆ కొలను ఎవరినీ తీసుకోలేదని స్థానికుల విశ్వాసం. ఇప్పుడు పడవల్లో లంకకు వెళ్లివచ్చే యాత్రికులు కూడా గట్టున కాలు మోపగానే రాయివైపు తిరిగి చేతులు జోడించి, "అందరం దిగాం, నాయుడూ, నువ్వూ దిగు" అని పిలుస్తారు. పిలిచిన తరువాత మాత్రం ఎవరూ అక్కడ నిలబడరు. పిల్లలను ఎత్తుకొని, జవాబు వినబడకముందే గబగబా మెట్లెక్కి వెళ్లిపోతారు.