నామాలుగాణ్ణి చంపిన నక్క

ఊరి చివర జీడితోట, దాని పక్కనే ఓ ఆసామి పశువుల శాల. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి ఆ శాలలోని పశువులూ కోళ్ళూ అన్నీ జీడిచెట్ల నీడకు చేరేవి. పశువులు నెమరేసేవి, కోళ్ళు దుమ్ములో పొర్లేవి. నెమరేసే నోటికి పని ఉంటుంది గాని చెవులకేం పని? ఆ ఖాళీ చెవుల్ని కనిపెట్టినవాడు గవరయ్య అనే నక్క.

కోళ్ళున్న చోటికి నక్క ఎలా వచ్చిందయ్యా అని మీరు అడుగుతారు. ఒప్పందం మీద వచ్చింది. గవరయ్య రోజూ కథ చెప్పాలి, కోడిపిల్లల వంక కన్నెత్తి చూడకూడదు. బదులుగా పొదగని గుడ్లు తీసుకోవచ్చు. ఆ బేరం కుదిర్చింది చుక్కమ్మ అనే పెట్ట.

"కుంటికాలు వేసుకుని ఏం వేటాడతావు నాయనా, నోరున్నవాడివి, నోటితోనే బతుకు," అంది చుక్కమ్మ.

గవరయ్యకి ఆ మాట నచ్చింది. ఎంతైనా కష్టపడకుండా వచ్చే గుడ్డుకి రుచెక్కువ.

కథ మొదట్లో మంచి కథే. అందులో ఒక గేదెదూడ. నుదుటి మీద తెల్లటి చారలుంటాయి కాబట్టి దాని పేరు నామాలు. సంతలో తల్లి నుంచి తప్పిపోయి, ఏరు వెంబడి నడుచుకుంటూ ఆమెని వెతుక్కుంటుంది. దారిలో ఓ కొంగ తాత, ఓ మేకత్త తోడయ్యారు. ముగ్గురూ పోట్లాడుకుంటూ, ఉన్నది పంచుకు తింటూ పోతుంటారు. అంతే కథ. కాని గవరయ్య చెబుతుంటే నామాలుగాడి తడి ముక్కు మన చేతికి తగిలినట్టే ఉండేది.

ఆ కథని అందరికంటే ఆశగా వినేది నీలాలు అనే గేదె. ఆ ఏడు ఆమె దూడ పోయింది. దూడ లేకపోతే గేదె పాలు చేపదు, పొదుగులో ఉన్నా కిందికి దిగనివ్వదు. ఆసామి అందరూ చేసే పనే చేశాడు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, ఆమె ముందు నిలబెట్టాడు. నీలాలు దాన్ని నాకేది, పాలిచ్చేది. తీరా వానలకి ఆ గడ్డిదూడ కుళ్ళిపోయింది. పాలు ఆగిపోయాయి. "ఇంక దీన్ని సంతకి తోలేయడమే," అన్నాడు ఆసామి. వట్టిపోయిన గేదెని సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో పశువులకి వేరే చెప్పక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే గవరయ్య కథలోకి నామాలుగాడు వచ్చాడు. ఒకరోజు కథయ్యాక నీలాలు గవరయ్య దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, సాయంత్రం ఆసామి పెళ్ళాం పైడమ్మ పాలచెంబు పట్టుకు రాగానే నీ నామాలుగాణ్ణి తలుచుకుంటున్నాను. పాలు దిగుతున్నాయి. నన్ను బతికించావు," అంది.

గవరయ్య ఆ పూట చాలా గొప్పగా నడుచుకుంటూ ఇంటికి పోయాడు. కుంటికాలు కూడా కుంటలేదు.

కాని మెచ్చుకోలు కడుపు నింపుతుందా? ఎండలు ముదిరాయి. కోళ్ళు కథ మధ్యలో కునుకుతున్నాయి. కునికే కోడి గుడ్డు సంగతి మరిచిపోతుంది. రెండు పూటలు పస్తున్న గవరయ్య ఓ మధ్యాహ్నం కునుకుతున్న కోళ్ళ వంక చూశాడు. నోటికొచ్చింది అనేశాడు.

"అప్పుడు చెట్టు తొర్రలోంచి పాము వచ్చి కొంగ తాతని కాటేసింది. తాత పోయాడు."

కోళ్ళన్నీ లేచి కూర్చున్నాయి. చుక్కమ్మ బావురుమంది. చచ్చిన గేదెకి పాలెక్కువ అన్నట్టు, బతికున్నన్నాళ్ళూ పట్టించుకోని కొంగని పట్టుకుని "ఎంత మంచివాడో, ఎంత మంచివాడో" అని ఏడ్చింది. ఆ రోజు గవరయ్య ముందు పడ్డ గుడ్లు మోసుకుపోవడానికి ఆయాసం వచ్చింది.

రుచి మరిగాడు. మళ్ళీ కునుకులు మొదలవగానే మేకత్తని నూతిలోకి తోశాడు. మళ్ళీ ఏడుపులు, మళ్ళీ గుడ్లు. నవ్వించాలంటే తెలివి కావాలి, ఆలోచింపజేయాలంటే కథ కావాలి, ఏడిపించడానికి ఓ శవం చాలునని గవరయ్యకి తెలిసిపోయింది.

సింహాద్రి అనే ముసలి ఎద్దు ఇదంతా చూస్తూనే ఉంది. పేరుకే సింహం, చీమకి కూడా దారిచ్చే రకం. ఒకరోజు గవరయ్యని పక్కకి పిలిచింది.

"అల్లుడూ, ఇంక నీ కథలో దూడ ఒక్కడే మిగిలాడు."

"అవును మావా."

"వాడి జోలికి పోకు. ఆ నీలాలు ప్రాణం వాడి మీదుంది."

"కథ మావా, కథ. నోటితో పుట్టించినవాణ్ణి నోటితో చంపితే ఎవరికి నొప్పి?"

"ఎద్దు పుండు కాకికి నొప్పా," అని సింహాద్రి మళ్ళీ నెమరేసుకుంది.

ఆ మాట గవరయ్యకి ముల్లులా గుచ్చుకుంది. చంపకూడదనే అనుకున్నాడు, పాపం. మర్నాడు నామాలుగాణ్ణి ఏటి గట్టుకి తీసుకొచ్చాడు. అవతలి గట్టున తల్లి. మెడలో వాడు చిన్నప్పటినుంచీ విన్న గంట. నామాలుగాడు చెవులు రిక్కించాడు, నీళ్ళలోకి కాలు పెట్టాడు. నీలాలు నెమరు ఆపేసింది. అంతలో గవరయ్య చుక్కమ్మ వంక చూశాడు. ఆమె ఆవులిస్తోంది.

"పిడుగు పడింది," అన్నాడు గవరయ్య. "నామాలుగాడు అక్కడికక్కడే పోయాడు."

తోటంతా గొల్లుమంది. గుడ్లే గుడ్లు. నీలాలు మాత్రం ఏడవలేదు. లేచి, తోకతో ఈగనైనా తోలుకోకుండా శాలలోకి వెళ్ళిపోయింది. ఆమె వెళ్తున్నంతసేపూ గవరయ్య గుడ్ల వంకే చూశాడు. ఇంకెటు చూడాలో తెలియలేదు.

సాయంత్రం పైడమ్మ చెంబుతో వచ్చింది, ఖాళీ చెంబుతో వెళ్ళింది. మర్నాడు పొద్దున్నా అంతే. "వచ్చే సంతకి తోలేద్దాం," అన్న ఆసామి మాట తోటదాకా వినిపించింది.

గవరయ్య తెచ్చుకున్న గుడ్లు బొరియలోనే పడున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మధ్యాహ్నం నీలాలుని బతిమాలి తోటకి రప్పించి, గొంతు సవరించుకున్నాడు.

"నిన్న పిడుగు పడిందని చెప్పాను గదా. అది నామాలుగాడి మీద కాదు. వాడికో కవల తమ్ముడున్నాడు. వాడి మీద."

"నిన్నటిదాకా లేని తమ్ముడు ఇవాళ ఎక్కడ పుట్టాడయ్యా?" అంది చుక్కమ్మ. "నిన్నంతా ఏడిచి నా కళ్ళు వాచిపోయాయి. ఆ ఏడుపు ఎవడి కోసం ఏడిచినట్టు?"

కోళ్ళు కిసుక్కుమన్నాయి. నీలాలు నవ్వలేదు.

"వద్దు బాబూ," అంది మెల్లగా. "నా ముందు పెట్టింది గడ్డిదూడ అని నాకు తెలియదా? తెలిసే నాకాను. నీ నామాలుగాడు ఉత్తుత్తివాడనీ తెలుసు. తెలిసే తలుచుకున్నాను. కాని గడ్డిదూడని వాన పాడుచేసింది. వీణ్ణి నువ్వు చంపావు. ఇప్పుడు తలుచుకుంటే వాడు కనపడడం లేదు, పిడుగే కనపడుతోంది."

గవరయ్య కథ చెప్పే చోటు వదిలి పక్కకి జరిగాడు. మాటతో బతికేవాడికి అంతకన్నా తలవంపు ఏముంటుంది?

అప్పుడు సింహాద్రి కదిలింది. "ఇవాళ నేను చెబుతాను కథ. నాకు వాడిలా చెప్పడం రాదు. వచ్చినట్టు చెబుతాను."

అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"ఒక నక్కపిల్ల. పుట్టుకతోనే ఒక కాలు కుంటి. వాళ్ళమ్మ వేటకి పోతూ, బొరియ వదిలి రాకురా అని చెప్పింది. పిల్ల రాలేదు. బొరియ ముందే మట్టి తవ్వితే ఓ పీత దొరికింది. సగం తిని సగం అమ్మకి దాచింది. అమ్మ రాలేదు. దాచింది ఎండిపోయింది. మర్నాడు ఇంకో పీత దొరికింది. అదీ సగమే తింది."

గవరయ్య తనకి తెలియకుండానే ముందుకి జరిగాడు.

"ఆకలేసినా ఆ సగం ముట్టుకోదు. గాలికి ఆకు కదిలితే అమ్మే అనుకుంటుంది. అలా ఉండగా ఓ సాయంత్రం పొదల్లో అడుగుల చప్పుడు. పిల్ల ఆ సగం పీతని నోట కరుచుకుని, కుంటుకుంటూ ఎదురెళ్ళింది."

సింహాద్రి ఆగి, నెమరు వేసుకుంది.

"వచ్చింది అమ్మేనా మావా?" అన్నాడు గవరయ్య.

"ఏమో. పిల్ల చచ్చిపోయింది."

"ఎలా?"

"ఎలాగో ఒకలా."

"అదేమిటి మావా, అన్యాయం. అంతసేపు ఎదురుచూసినదాన్ని ఊరికే ఎలా చంపుతావు? ఆ పీత ఏమైంది? వచ్చింది ఎవరు?"

"అవన్నీ నేను ఆలోచించలేదు అల్లుడూ. చుక్కమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. అందుకని చంపేశాను."

తోటలో ఎవరూ నవ్వలేదు. అందరూ గవరయ్యనే చూశారు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. తన కథకి ఏడిచినవాళ్ళ కళ్ళలోనూ ఇవే నీళ్ళు, తను వాటిని గుడ్లకి అమ్ముకున్నాడు. సిగ్గుతో చెవులు రెండూ వెనక్కి వాలిపోయాయి. తోక ముడుచుకుని, ముందున్న ఒక్క గుడ్డూ ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

సంత రోజు తెల్లవారింది. నీలాలు మెడకి కట్టి తోలడానికి కొత్త పలుపు కూడా తెచ్చి పెట్టారు. ఆఖరిసారి పిండి చూద్దామని పైడమ్మ చెంబు కడుగుతోంది. శాల తడిక వెనక గవరయ్య వచ్చి కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు. "ముఖం చూపించలేక ఇటు కూర్చున్నాను. వాడు చావాల్సిన పని కథలో లేదు. గుడ్ల కోసం చంపాను."

"నాకు తెలుసు," అంది నీలాలు. "పిడుగు పడిందంటూనే ఓరకంట చుక్కమ్మ కళ్ళు చూశావు, తడిశాయా లేదా అని. తల్లి గట్టు మీద నిలబడి ఉంది. ఆమె వంక ఒక్కసారైనా చూశావా?"

గవరయ్య తల నేలకి ఆనించాడు.

"చూడలేదక్కా. బుద్ధి గడ్డి తింది. ఇంక వాణ్ణి బతికించలేను, చచ్చినవాణ్ణి లేపితే అది ఇంకో అబద్ధం. కాని తొందరలో నేను చెప్పకుండా దాటేసిన రోజులు చాలా ఉన్నాయి. కొంగ తాత, మేకత్త ఉన్నప్పటివి. ఒకరోజు పెద్ద వాన పట్టుకుంది."

నీలాలు చెవి తడిక వైపు తిరిగింది. పైడమ్మ వచ్చి పొదుగు దగ్గర కూర్చుంది.

"తడిశాడా?" అంది నీలాలు.

"తడిశాడు. కొంగ తాత రెక్క విప్పి పట్టాడు, కాని ఆ రెక్క కింద పట్టేది వాడి ముక్కు ఒక్కటే. మేకత్త నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. వీడికి కోపమొచ్చి ఒళ్ళు విదిలిస్తే ఇద్దరి మీదా నీళ్ళే. ఆ తర్వాత ముగ్గురూ ఒకరికొకరు ఆనుకుని పడుకున్నారు. వాడి వీపు మీద చినుకు పడ్డప్పుడల్లా తోలు జలదరించేది."

నీలాలు గాలిలోకి ముట్టె చాచి, నాలుకతో ఓసారి నాకింది.

చెంబులో పాలధార చప్పుడైంది. ఎక్కువేం కాదు. చెంబు అడుగు నిండింది. పైడమ్మ లోపలికి కేకేసింది, "ఈ సంతకి వద్దులే, చూద్దాం."

ఇప్పటికీ మధ్యాహ్నం జీడితోటలో కథ జరుగుతుంది. నామాలుగాడు వేపపుల్ల నమిలి ఉమ్మేసిన రోజు, కప్పని చూసి జడిసిన రోజు. ఎవరూ ఏడవరు, చుక్కమ్మ హాయిగా కునుకుతుంది, గుడ్లూ పడవు. గవరయ్య ఏట్లో పీతలు పట్టుకుని బతుకుతున్నాడు. చిత్రమేమిటంటే, ఆకలిగా ఉన్నా ప్రతి పీతలోనూ సగం మిగులుస్తాడు.

కథయ్యాక రోజూ సింహాద్రి పక్కకి వచ్చి నిలబడతాడు. "మావా, ఆ నక్కపిల్లకి ఎదురొచ్చింది ఎవరు?"

"చచ్చిపోయిందని చెప్పాను గదా అల్లుడూ," అంటుంది సింహాద్రి, నెమరు ఆపకుండా. గవరయ్య తల దించుకుని ఇంటిదారి పడతాడు.

కథ అడిగితే చంపు గాని, కడుపు అడిగిందని చంపకు.